మన చేతిలో లేనిది

ప్రియులారా, కార్తీకములో వరి కోతకు వచ్చువేళ ఆకాశము మబ్బుపట్టినచో మనకు నిద్రపట్టదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసికొనిపోయిన సంగతి మన పెద్దలు మరువలేదు. కాబట్టి ఆ భయము వట్టిది కాదు. అయితే రాత్రంతయు మేలుకొని కూర్చున్నందున గాలి మరలునా?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చూడుడి. ఓడలో 276 మంది యుండిరి. 14 దినములు తుపాను. ఎవరును భోజనము ముట్టలేదు. పౌలు గాలిని ఆపలేదు. రొట్టె పట్టుకొని, దేవునికి వందనములు చెప్పి, తాను తిని, తోడివారిచేత తినిపించెను. వారు బలము పొంది గోధుమలు పారవేసి ఓడను తేలికచేసిరి. తుదకు ఓడ బద్దలాయెను గాని ప్రాణములన్నియు దక్కెను.

మనవారినిగూర్చి చింతించుటే ప్రేమయని మనమనుకొందుము. కాని చింతలో మునిగినవాడు తాను చేయగలిగినదియు చేయకుండును.

కనుక మబ్బు పట్టినపుడు కోసిన పనలు కుప్పవేయుదము. పశువుల పలుపులు విప్పుదము. ఒంటరిగానున్న ముసలమ్మను గట్టి యింటికి చేర్చుదము. పిమ్మట గాలి సంగతి దేవునికి అప్పగించి పండుకొందము. పంట దక్కినను దక్కకున్నను మనలను విడువని ప్రభువు అట్టి నెమ్మదిని మనకు దయచేయును గాక. ఆమేన్.