ఆ గంట ఎవరిది?

జహీరాబాద్ నుంచి గల్ఫ్‌కి వెళ్ళడం కొత్త విషయమేమీ కాదు. బొంబాయి రోడ్డు మీదున్న ఊరు మాది. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాకొచ్చి, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ ఒకే బజారులో వినిపిస్తాయి. ఇన్ని భాషలున్నా, ఊరు దాటించేది మాత్రం ఇంగ్లీషేనని ఇక్కడి ఆడపిల్లలు తొందరగానే గ్రహిస్తారు. నేను 2004 నుంచి ఐదేళ్ళు కువైట్‌లో ఒక భారతీయ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పాను కాబట్టి, బి.ఇడి. చేసి అటు వెళ్ళాలనుకునే అమ్మాయిలు నా దగ్గరికి వస్తుంటారు. జీతం, వీసా, ఉండే చోటు, అన్నీ అడగడం అయ్యాక గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, అక్కడ ట్యూషన్లు చెప్పుకోవచ్చా?"

వీలవుతుందా అని కాదు వాళ్ళు అడుగుతున్నది. వీలవుతుందని వాళ్ళకి తెలుసు. తప్పా కాదా అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నకి ఒక మాటలో జవాబు చెప్పడం నాకెప్పుడూ సాధ్యం కాలేదు. ఎందుకు కాలేదో ఆలోచించడానికే ఈ వ్యాసం.

సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. కాంట్రాక్టులో మరో పని చేయకూడదని ఉంది, సంతకం పెట్టావు, కాబట్టి తప్పు అనేది ఒకటి. ఇంట్లో అవసరాలున్నాయి, ఇచ్చే జీతం చాలదు, కాబట్టి తప్పు కాదు అనేది రెండోది. మొదటిది యజమాని గొంతు. రెండోది కుటుంబం గొంతు. ఈ రెండింటిలోనూ పాఠం చెప్పే మనిషి గొంతు లేదు.

మొదటి జవాబునే ముందు చూద్దాం. గల్ఫ్ దేశాల్లో వలస వచ్చిన మనిషి ఉనికి మొత్తం స్పాన్సర్‌తో ముడిపడి ఉంటుంది. ఏ యజమాని పేరు మీద వచ్చావో అతని దగ్గరే పని చెయ్యాలి. ఇలాంటి చోట కాంట్రాక్టు నీ దగ్గర కొనేది రోజుకి ఇన్ని గంటల పాఠాలు మాత్రమే కాదు. మిగిలిన గంటల్ని నువ్వు మరెవరికీ ఇవ్వకుండా ఉండటాన్ని కూడా కొంటుంది. దానికి మాత్రం డబ్బివ్వదు. ఈమధ్య చట్టాలు కొంత మారాయి. యు.ఎ.ఇ. 2023 డిసెంబరులో, ప్రైవేటుగా పాఠాలు చెప్పుకునేవాళ్ళు ప్రవర్తనా నియమావళికి ఒప్పుకుని అనుమతి పత్రం తీసుకునే ఏర్పాటు చేసింది. 2024 జనవరి నుంచి కువైట్, ప్రైవేటు రంగంలోని వలస ఉద్యోగులు రోజుకి 4 గంటలకు మించకుండా మరో చోట పనిచేసుకోవచ్చంది. అయితే అసలు యజమాని ఒప్పుకోవాలి, రుసుము కట్టాలి. నిన్న నేరమైన పని ఇవాళ ఒక సంతకంతో న్యాయమైపోయిందంటే, మొదటినుంచీ ఇందులో ఉన్నది నీతి ప్రశ్న కాదేమో, హక్కుదారు ఎవరన్న ప్రశ్నేమో అనిపిస్తుంది. చట్టాన్ని తేలిగ్గా తీసుకొమ్మని నేనెవరికీ చెప్పను. దొరికితే ఉద్యోగం పోతుంది, దేశం నుంచి పంపేస్తారు. కానీ ప్రమాదకరమైనదీ, అనైతికమైనదీ ఒకటి కావు.

ఇక రెండో జవాబు. అవసరం కోసం చేస్తే తప్పులేదనే మాటలో ఔదార్యం కనిపిస్తుంది గాని, అందులో ఒక మెలిక ఉంది. ఎవరి అవసరం? నాకు నెలకి 160 దినార్లు జీతం వచ్చేది. అది చేతికి రాకముందే పంపకం అయిపోయేది. ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు, మరిది ఇంజనీరింగు ఫీజు, అత్తగారి కంటి ఆపరేషను. ఇవన్నీ న్యాయమైన ఖర్చులే, నేను కాదనలేదు. కానీ ఆ జీతంలో నేనెక్కడా లేను. సాయంత్రాలు ఇద్దరు పిల్లలకి ఇంగ్లీషు చెబితే వచ్చే 40 దినార్లకి మాత్రం ముందుగా ఎవరూ పేరు రాసిపెట్టలేదు. నేను పుస్తకాలు కొన్నదీ, మొదటిసారి నా పేర బ్యాంకు ఖాతా తెరిచిందీ ఆ డబ్బుతోనే. ఆడది తన కోసం సంపాదించుకుంటే అది అత్యాశ, ఇంటి కోసమైతే త్యాగం అని మనవాళ్ళు రెండు పద్దులు రాస్తారు. ఆ పద్దుల ప్రకారం నా ట్యూషన్లు నీతిమంతమైనవి కావు. అందుకే ఆ పద్దుల్నే ప్రశ్నించాలంటాను.

వర్జీనియా వుల్ఫ్ 1929లో 'ఏ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో ఆడవాళ్ళు రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లు, సొంత గది కావాలన్న సంగతి మనందరికీ గుర్తుంది. ఆ మాటలు చెప్పే స్త్రీ ఆ డబ్బు రాకముందు కవర్ల మీద చిరునామాలు రాసి, ముసలి ఆడవాళ్ళకి చదివి వినిపించి, చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పి పొట్టపోసుకుందన్న సంగతి మనం అంతగా పట్టించుకోం. ఆ చిల్లర పనుల నుంచి ఆమెను బయటపడేసింది ఒక మేనత్త రాసిచ్చిన ఆస్తి. ఆ మేనత్త చనిపోయింది బొంబాయిలో, గుర్రం మీంచి పడి. బొంబాయిలో గుర్రాలెక్కే మేనత్తలు మనకెవరికి ఉన్నారు? మనకి ఉన్నది చిల్లర పనే. కాబట్టి దాన్ని చిన్నచూపు చూసే వీలు మనకి లేదు.

అసలు 'అదనపు పని' అనే మాటే నాకు అనుమానంగా ఉంటుంది. బడి అయ్యాక రాత్రి పదకొండు దాకా 200 నోటు పుస్తకాలు దిద్దేవాళ్ళం. దాన్ని ఎవరూ అదనం అనలేదు. వంట, బట్టలు, పిల్లల హోంవర్కు కూడా అదనం కాదు. ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో దీన్నే రెండో షిఫ్టు అంది. డబ్బు రాని పని ఎంత చేసినా 'అదనం' కాలేదు. డబ్బు వచ్చే గంట ఒక్కటీ కనపడగానే బడికీ గుర్తొచ్చింది, ఇంటికీ గుర్తొచ్చింది. అలసిపోతున్నావు, పిల్లల్ని పట్టించుకోవట్లేదు అన్నారు. నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు నా అలసట ఎవరికీ కనపడలేదు.

మా జహీరాబాద్ చుట్టుపక్కల పొలాలు చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుము, పుంటికూర ఇలా పది పన్నెండు రకాలు కలిపి వేస్తారు. ఏది అసలు పంట, ఏది అదనపు పంట అని అడిగితే వాళ్ళు నవ్వుతారు. కలుపు అని మనం పీకి పారేసే ఆకుల్లోనూ వాళ్ళకి కూరలున్నాయి. అదనం అనేది ఒకే పంట వేయించి మొత్తం కొనుక్కుపోయేవాడి లెక్క. బతుకు లెక్కలో అది ఉండదు.

అంటే ట్యూషన్‌కి హద్దులే లేవా? ఉన్నాయి. కానీ ఆ హద్దు యజమాని గీసిన చోట లేదు, పిల్లవాడి దగ్గర ఉంది. నా తరగతిలో పిల్లకే నేను సాయంత్రం డబ్బు తీసుకుని పాఠం చెబితే, పొద్దున చెప్పే పాఠానికి ఏమవుతుంది? తెలియకుండానే కొంత దాచుకుంటాం. అప్పుడు బడిలో ప్రశ్నలడిగే పిల్ల విసుగనిపిస్తుంది, ట్యూషన్ పిల్లకి ముఖ్యమైన ప్రశ్నలు తెలుస్తాయి. డబ్బు కట్టలేని పిల్ల తనకే బుర్ర లేదనుకుంటుంది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదన్నది. దాని వెనకున్న భయం నిజమైనదే. అందుకే నేను వేరే బడి పిల్లలకే చెప్పాను. ఆ నియమం నాకెవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. యజమాని కోసం కాదు, మూడో బెంచీలో కూర్చున్న పిల్ల కోసం.

ఇక్కడితో ఆగిపోతే నా తర్కం నాకు బాగానే ఉండేది. ఆగనివ్వనిది నేను ట్యూషన్‌కి వెళ్ళిన ఇంట్లో తలుపు తీసే మనిషి. కడప జిల్లా నుంచి వచ్చింది. తెలుగు వినగానే మొహం విప్పారేది. "నాలుగు పైసలు ఎక్కువొస్తాయంటే నాక్కూడా ఇంకో ఇంట్లో పని చేసుకోవాలనుంది మా. చేసేదానికి నాకు గంటలు యాడుండాయి?" అంది ఒకసారి. నేను, "అక్కా, నీకు పని అయిపోయేదెప్పుడు?" అని అడిగాను. "వాళ్ళు పండుకుంటే అయిపోయినట్టు మా" అంది.

ఇద్దరం ఆడవాళ్ళమే, ఇద్దరం తెలుగువాళ్ళమే, ఇద్దరం స్పాన్సర్ల కింద ఉన్నవాళ్ళమే. పదో తరగతి పాసైన నాకు వలస అనుమతి అక్కర్లేదు. చదువుకోని ఆమె పాస్‌పోర్టు మీద ఆ అనుమతి కావాలన్న ముద్ర ఉంటుంది. ఆ ముద్ర అవతలా ఇవతలా రెండు రకాల కాలాలున్నాయి. నా రోజుకి అంచు ఉంది. అంచు ఉంది కాబట్టే దాని బయట ఒక గంట మిగిలింది, దాన్ని అమ్ముకోగలిగాను. ఆమె రోజుకి అంచే లేదు. కువైట్ 2015లో చేసిన 68వ చట్టం ఇంటిపనివాళ్ళకి రోజుకి 12 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికొక రోజు సెలవివ్వాలనీ చెప్పింది. అంతకుముందు చట్టంలో ఆ మాత్రం కూడా లేదు. కాగితం మీదకొచ్చినంత మాత్రాన వంటింటి తలుపు దాటి లోపలికి వెళ్తుందని కూడా కాదు.

నేను పాఠం చెప్పే ఆ గంట ప్రశాంతంగా గడిచిందంటే, చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని పక్కగదిలో ఆమె తిరుగుతోంది కాబట్టి. ఆమె పిల్లల్ని ఊళ్ళో ఆమె తల్లి చూసుకుంటోంది. ఒక స్త్రీకి దొరికిన గంట వెనక ఇలా వరసగా ఇంకెందరో స్త్రీలుంటారు. వాళ్ళలో డబ్బు తక్కువ దొరికే మనిషి ఎప్పుడూ చివర్న ఉంటుంది. నా సంపాదన స్వేచ్ఛే, కాదనను. కానీ దాన్ని నా ఒక్కదాని స్వేచ్ఛగా చెప్పుకోవడం అబద్ధం.

అందుకే ఇప్పుడు అమ్మాయిలకి తప్పు, ఒప్పు అని చెప్పను. ముందు చట్టం ఏమంటోందో, దొరికితే ఏమవుతుందో చెబుతాను. తర్వాత రెండు సంగతులు చూసుకొమ్మంటాను. నువ్వు అమ్మే గంట నీ తరగతి పిల్లల పాఠంలోంచి తీసినదా? ఆ గంట నీకు మిగలడానికి ఎవరి గంటలు పోతున్నాయి? మొదటిదానికి కాదని చెప్పగలిగితే, ఆ డబ్బు తీసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. రెండోదానికి ఒక్కరం జవాబు చెప్పలేం. ట్యూషన్‌కి అనుమతి అడగడం సులువు. పగటి పనికి చాలినంత జీతం అడగడం, తలుపు తీసే ఆమె రోజుకి కూడా ఒక అంచు అడగడం కష్టం. ఆ రెండూ అడగకుండా, మన సాయంత్రాలు మనం అమ్ముకునే హక్కు గురించి మాత్రమే మాట్లాడితే, మనం అడిగింది చాలా తక్కువ.