అవిధవ, జీవపుత్ర



దివిసీమలో హంసలదీవి కడ సముద్రమును చేరు మన కృష్ణవేణి, ఎగువను నాగార్జునకొండ లోయగుండ ప్రవహించి వచ్చినది. ఆ లోయలో ఇక్ష్వాకు రాజుల కాలపు లజ్జాగౌరీ విగ్రహ మొకటి దొరకినది. లజ్జాగౌరి సంతానదేవత. ప్రసవ భంగిమలోనున్న స్త్రీగా శిల్పులామెను మలచిరి. ఆలంపురపు విగ్రహమున శిరస్సునకు మాఱుగా పద్మమున్నది. నాగార్జునకొండ విగ్రహముపై ప్రాకృత శాసనము గలదు. అందు పేర్కొనబడినది ఎహువల చాంతమూల మహారాజు పత్ని, మహాదేవి ఖండువుల. ఆమెకు చెప్పబడిన విశేషణములు రెండు: అవిధవ, జీవపుత్ర. అనగా భర్త జీవించియున్నది, బిడ్డలు బ్రదికియున్నది.

1,600 ఏండ్లకు పైబడినను ఈ రెండు మాటలు మన యిండ్లలో నేడును వినబడుచునే యున్నవి. కడుపు పండవలెనను కోరికను మనము పరిహసింపరాదు, అది పవిత్రమైనది. కాని ఆ భాగ్యము లేనివారి గతియేమి? 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమయందు వేలాది జనులు మరణించిరి. ఒక్కదినమున ఎందఱో స్త్రీలు భర్తలను, బిడ్డలను గోల్పోయిరి. వారి మ్రొక్కులలో లోపమున్నదా? వారు దేవునికి దూరమైరా?

ఉత్తర ఐరోపా పురాణములలో ఫ్రేయా యను దేవి ప్రేమకును సంతానసమృద్ధికిని అధిదేవత. దూరమేగిన భర్తకై ఆమె కార్చిన కన్నీరు ఎఱ్ఱని బంగారమయ్యెనని వారి కథ. ఆ జనులు భర్తకై విలపించు స్త్రీని దేవతగా కొలిచిరి. మనమో, అట్టి స్త్రీ యెదురైన అపశకున మంటిమి! సీమంతమునాడు, పెండ్లిపందిటిలో, పసుపు కుంకుమలు పంచునపుడు వితంతువును, బిడ్డలు లేనిదానిని వెనుకకు త్రోయుట విద్యావంతుల యిండ్లలో సయితము సంపూర్ణముగా పోలేదు.

వితంతు పునర్వివాహ చట్టము 1856లో వచ్చినది. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. ఈ పాతికేండ్ల యెడము మనకేమి బోధించుచున్నది? చట్టము తలుపు తెఱవగలదు. లోనికి పిలిచి పీట వేయవలసినది మనము. కావున రాబోవు శుభకార్యమున మీ యింటి వితంతువు చేతనే మొదటి అక్షతలు వేయింపుడు. ఆమె దీవెన అమంగళమని యెవరైన ననినచో, తల్లి దీవెన యెన్నడు అమంగళమైనదో చెప్పుమని యడుగుడు.

జగజ్జననీ! కన్నవారును, కననివారును, కని పోగొట్టుకొన్నవారును నీకు సమానమే. నీవు పిలిచిన పంక్తినుండి యొకరిని లేపు దుర్బుద్ధి మాకు కలుగనీయకుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.