గడువు పొడిగించిన శాంతి

ప్రామిసరీ నోటునకు మూడేండ్లు దాటిన కాలదోషము పట్టును గనుక, వర్తకుడు ముందుగానే దానిని తిరగవ్రాయించుకొనును. ఒకే నోటును అరువదేండ్లు తిరగవ్రాయించుకొన్నవానిని చూచి బజారు నవ్వదా? సైప్రస్ ద్వీపమున ఐక్యరాజ్య సమితి పని ఇట్టిదేనని కొందరి ఆక్షేపణ.

1963 డిసెంబరులో అక్కడ గ్రీకులకును టర్కులకును కలహము రేగి నెత్తురు పారినది. 1964 మార్చి 4న భద్రతా సమితి శాంతిసేనను పంప నిశ్చయించినది. గడువు మూడు నెలలు మాత్రమే! సేనాధిపతిగా వెళ్ళిన కొడగు బిడ్డ జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో అక్కడనే కన్నుమూసెను. 1974లో గ్రీసు సైనిక ప్రభుత్వము చేయించిన కుట్ర, దాని వెనువెంటనే టర్కీ దండయాత్ర. ద్వీపము రెండు చెక్కలైనది. నడుమ 180 కిలోమీటర్ల పొడవున ఉభయులకును చెందని పట్టీ యొకటి మిగిలినది. సేన గడువును చిరకాలము ఆరేసి నెలలు, 2023 నుండి ఏడాదేసి పెంచుచు వచ్చిరి. 2025 జనవరిలోను పెంచిరి.

కావలివాడున్నంత కాలము దాయాదులకు రాజీ తొందర యుండదని ఆక్షేపించువారి మాట. అందులో నిజము లేకపోలేదు. 2004లో రాజీ పథకముపై ఓటు జరుగగా టర్కులలో నూటికి 65 మంది ఔనన్నారు, గ్రీకులలో 76 మంది కాదన్నారు. అయినను కావలి తీసివేసిన నష్టమెవరికి? ఆక్షేపించువారికి మాత్రము కాదు. పీలా అను గ్రామము ఆ నడిమి పట్టీలోనే యున్నది. ఉభయ జాతులును అక్కడ కలిసి కాపురమున్నారు. 2023 ఆగస్టులో ఆ యూరి బాట విషయమై తగవు రాగా, అడ్డుపడిన శాంతిసైనికులు దెబ్బలు తినిరి. వారు లేకున్న ఆ దెబ్బలు ఎవరి వీపున పడియుండెడివో చెప్పనక్కరలేదు.

వడ్డీ ముట్టుచుండగా నోటు తిరగవ్రాయుట అవివేకము కాదు. ప్రాణములు నిలుచుటే ఇక్కడి వడ్డీ. అసలు అడుగుటయే మరచిపోయినచో అది తప్పు. ఆ తప్పు కావలివానిది కాదు, బాకీదారులిద్దరిది.

ఆ అసలులో కొంత చెల్లుచున్న చోటు లేకపోలేదు. నాటి కలహములలో తప్పిపోయినవారు 2002 మంది అని లెక్క. వారి కోసము గ్రీకులు, టర్కులు ఒకే జట్టుగా పాత బావులు, పొలములు త్రవ్వి, దొరికిన యెముకలను పరీక్షించి, ఎవరివారికి వారినప్పగించుచున్నారు. ఇట్లు వేయిమందికి పైగా ఇల్లు చేరిరి.