సహనమంటే పడి ఉండటమేనా?

వ్యాధిగ్రస్తుణ్ణి పరామర్శించడం ఒక ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కుల్లో ఒకటని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ హక్కు నెరవేర్చే ఉద్దేశ్యంతోనే ఒకరోజు మా మొహల్లాలోని ఓ యువకుడి ఇంటికి వెళ్ళాను. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. సెంట్రింగ్ పని చేసేవాడు. రెండో అంతస్తు స్లాబు మీద నుంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస చితికింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు గానీ నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. తండ్రి ఎప్పుడో చనిపోయాడు. ఇంట్లో తల్లి, పెళ్ళికాని చెల్లెలు.

మంచం పక్కన కూర్చుని, అందరూ మాట్లాడినట్టే నేనూ సబ్ర్ గురించి మాట్లాడాను. హజ్రత్ అయ్యూబ్ (అలైహి) వృత్తాంతం వినిపించాను. తీవ్రమైన వ్యాధిలో ఆయన తన ప్రభువును మొరపెట్టుకున్నారని, కాలితో నేలను తన్నమని ఆదేశం వచ్చిందని, చల్లని నీరు ఉబికిందని, దానితో ఆయనకు స్వస్థత కలిగిందని చెప్పాను. అతను దుప్పటి కింద ఉన్న తన పాదాల వైపు చూశాడు.

"హజ్రత్, నాకు కాలే లేవదు కదా" అన్నాడు.

మదరసాలో ఏళ్ళ తరబడి తఫ్సీర్ చదివినవాణ్ణి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దుఆ చేసి లేచి వచ్చేశాను.

నెల తిరక్కుండానే అతనికి నడుము కింద, వెనకవైపు ఎముక మీద పడక పుండు పడింది. అరచేయంత పుండు. జ్వరం. కబురు తెలిసి మళ్ళీ వెళ్ళేసరికి వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపిస్టు అక్కడ ఉంది. హిందూ సోదరి. నన్ను చూసి ఆమె నెమ్మదిగానే అన్నా మాట మాత్రం గట్టిగా తగిలింది: "మౌల్సాబ్, ఓపిక పట్టమని ఇతనికి చెప్పేవాళ్ళు రోజుకు పది మంది వస్తున్నారు. రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పేవాళ్ళు ఒక్కరూ లేరు."

నిజమే. తల్లి బక్కపలచని మనిషి. ఒక్కతే అతణ్ణి కదపలేదు. మేమంతా వచ్చాం, సహనం గురించి చెప్పాం, చాయ్ తాగి వెళ్ళాం.

ఆ రాత్రి నుంచి నన్ను వెంటాడిన ప్రశ్న ఇది. సబ్ర్ అనే పదానికి మనం ఏ అర్థం ఇచ్చుకున్నాం? జరిగినదాన్ని అంగీకరించి కదలకుండా పడి ఉండటమా? ఆ సహనం ఎవరి బాధ్యత? మంచం మీద ఉన్నవాడిది మాత్రమేనా?

ఈ విషయం అర్థం కావాలంటే వెన్నుపాము సంగతి కొంత తెలియాలి. అది మెదడు నుంచి వెన్నెముక లోపలగా దిగే, చిటికెన వేలంత మందమున్న నరాల తాడు. చేతిలోనో కాలిలోనో నరం తెగితే, అనుకూల పరిస్థితుల్లో రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతుంది. వెన్నుపాములో, మెదడులో అలా పెరగదు. స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ 1928లో ప్రచురించిన గ్రంథంలో, పెద్దవారి మెదడు, వెన్నుపాముల్లో నరాల దారులు ఒకసారి స్థిరపడ్డాక తిరిగి పుట్టవని నిర్ధారించాడు. చాలాకాలం వైద్యలోకం అదే చివరి మాట అనుకుంది. 1981లో కెనడాలో అగ్వాయో అనే శాస్త్రవేత్త బృందం, శరీరంలోని మామూలు నరం ముక్కను జంతువుల మెదడు కాండానికీ వెన్నుపాముకూ మధ్య వంతెనలా అమర్చితే లోపలి నరకణాల తీగలు అందులోకి పెరగడం చూపింది. అంటే విత్తనం చచ్చిపోలేదు, నేల అనుకూలంగా లేదు. ఆ నేలను బాగుచేసే ప్రయత్నం నేటికీ కొనసాగుతూనే ఉంది. తెగిన వెన్నుపామును అతికించే మందు మాత్రం ఇప్పటికీ లేదు.

మందు లేనప్పుడు చేసేదేముంది అంటారా? అక్కడే అసలు విషయం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో అత్యధికులు కొద్ది వారాల్లో, నెలల్లో చనిపోయారు. వారిని చంపింది చాలావరకు వెన్ను గాయం కాదు, పడక పుండ్లు, మూత్రాశయంలో చీము. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఈ రోగుల విభాగం ప్రారంభించాడు. ఆయన హిట్లర్ పాలన నుంచి తప్పించుకుని 1939లో జర్మనీ వదిలి వచ్చిన యూదుడు. (మంచిని ఎవరి దగ్గర నుంచైనా నేర్చుకోవడానికి మనం సంకోచించకూడదు.) ఆయన దగ్గర కొత్త మందేమీ లేదు. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పించాడు. మూత్రాశయాన్ని శుభ్రంగా ఉంచేలా చూశాడు. చేతులకు బలం వచ్చే వ్యాయామం, ఆ తర్వాత ఏదో ఒక పని, ఆట. చనిపోతారనుకున్నవారు బతికారు. 1948 జూలై 29న అదే ఆసుపత్రి ఆవరణలో పదహారు మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీ ఆడారు. నేటి పారాలింపిక్స్‌కు మొదలు అదే. వారిలో ఎవరి వెన్నుపామూ అతుక్కోలేదని గుర్తుంచుకోండి.

తిప్పడానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకు? ఆరోగ్యవంతుడు నిద్రలో ఎన్నోసార్లు తనకు తెలియకుండానే ఒత్తిగిల్లుతాడు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందకపోతే నొప్పి కలిగి శరీరమే పక్కకు తిరుగుతుంది. మనం ఏనాడూ కృతజ్ఞతలు చెప్పుకోని వరం ఇది. స్పర్శ పోయినవాడికి ఆ నొప్పి తెలియదు, తెలిసినా తిరగలేడు. చర్మం నిశ్శబ్దంగా చచ్చిపోతుంది.

తర్వాతి శుక్రవారం అలవాటు ప్రకారం సూరా కహఫ్ పారాయణం చేస్తున్నాను. ఎన్ని వందల సార్లు చదివానో లెక్కలేదు. గుహవాసుల ప్రస్తావనలో పద్దెనిమిదో ఆయతు దగ్గర గొంతు ఆగిపోయింది. నిద్రలో ఉన్న ఆ యువకులను తానే కుడివైపుకు, ఎడమవైపుకు తిప్పుతూ ఉన్నానని అల్లాహ్ అక్కడ తెలియజేస్తున్నాడు. అలా తిప్పకపోతే నేల వారి శరీరాలను తినేసి ఉండేదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించినట్టు తఫ్సీర్లలో ఉంది. చదువుకునే రోజుల్లో ఈ మాట కంఠస్థం చేశాను, పరీక్షలో రాశాను. అల్లాహ్ తలచుకుంటే వారి శరీరాలను తిప్పకుండానే కాపాడగలడు. అయినా తిప్పాడు. కదలలేని దేహాన్ని పక్కకు తిప్పడమనే పనిని తనకు ఆపాదించుకుని చెప్పాడు.

ఆ కుర్రాడికి నేను చెప్పవలసిన వృత్తాంతం ఇది. దీన్ని అతనికంటే ముందు మస్జిద్‌లో మిగతావారికి చెప్పాలి. కాలు లేచేవాడికి కాలితో తన్నమని ఆదేశం. అది లేవనివాడి విషయంలో ఆదేశం చుట్టూ ఉన్నవారికి.

ఆ జుమా ప్రసంగంలో అదే చెప్పాను. ఆరుగురు యువకులు పేర్లిచ్చారు. ఇషా తర్వాత నుంచి ఫజ్ర్ దాకా వంతులు వేసుకున్నారు. దుప్పటి తొలగకుండా, అతని లజ్జకు భంగం కలగకుండా ఎలా తిప్పాలో ఆ ఫిజియోథెరపిస్టే నేర్పింది. మొదటి వారం ఇద్దరు జారుకున్నారు. వారి స్థానంలో వేరేవాళ్ళు వచ్చారు.

మరో సంగతి తర్వాత బయటపడింది. అతను మూడు నెలలుగా నమాజు వదిలేశాడు. మూత్రం సంచి తగిలించి ఉంది కాబట్టి తాను అశుద్ధుణ్ణి అనుకున్నాడు. ఇంతమంది పరామర్శకుల్లో ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్ళలో మొదటివాణ్ణి నేనే. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఇలాంటివాడు మాజూర్. ఒక్కో నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే ఆ వేళంతా సరిపోతుంది. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) వ్యాధితో ఉన్నప్పుడు నిలబడి, అది చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని నమాజు చేయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్టు బుఖారీలో ఉంది. వుజూకు ఇతరుల సాయం తీసుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం వ్యాధి వల్ల ఆగిపోయినా అలాగే రాయబడుతుందన్న హదీసు కూడా చెప్పాను. అతను ముఖం గోడవైపు తిప్పుకుని చాలాసేపు ఏడ్చాడు.

వ్యాయామం విషయంలో అతని తల్లికి ఒక సందేహం ఉండేది. తఖ్దీర్‌లో నడక రాసి లేకపోతే ఇంత బాధ ఎందుకు పెట్టాలని. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్స పుట్టించాడు, చికిత్స చేయించుకోండి అన్న భావం గల హదీసులు ఆమెకు గుర్తుచేశాను. పక్షవాతం రోగులపై జరిగిన ఒక పరిశీలన సంగతి కూడా చెప్పాను. బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనపడిన చేతితోనే రెండు వారాలపాటు పనులు చేయిస్తే, అందులో మార్పు వస్తుందని, ఏడాది తర్వాత కూడా అది నిలిచి ఉందని 222 మందిపై జరిపి 2006లో ప్రచురించిన ఆ పరిశీలనలో తేలింది. మెదడులో మిగిలిన భాగం, పదే పదే చేయించగా, పోయిన భాగం పనిని కొంత నేర్చుకుంటుంది. వెన్నుపాము పూర్తిగా తెగినచోట ఇంత ఆశ లేదు, అది కూడా దాచలేదు. గాయం కింద విద్యుత్ పరికరం అమర్చి, నెలల తరబడి సాధన చేయించి కొందరిని ఆసరాతో నడిపించిన ప్రయోగం ఫలితాలు స్విట్జర్లాండు నుంచి 2018లో వచ్చాయి. అక్కడ కూడా సాధన తప్పలేదు.

ఆశ ఉన్నచోటికి దాన్ని అమ్మేవాళ్ళూ వస్తారు. స్టెమ్ సెల్ ఇంజక్షన్లు వేస్తే నడుస్తాడని ఎవరో చెప్పారు. ఉన్న రేకుల ఇల్లు అమ్మేద్దామా అని ఆ తల్లి నన్ను అడిగింది. రక్త సంబంధ వ్యాధులకు చేసే ఆమోదిత మార్పిడి తప్ప, అనుమతి పొందిన ప్రయోగాలకు బయట స్టెమ్ సెల్ చికిత్స చేయడం అనైతికమని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. సరైన ప్రయోగంలో పాల్గొనే రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోరు. అమ్మొద్దన్నాను. తావీజుకు వేలు గుంజేవాడికీ ఇతనికీ తేడా తెల్లకోటు ఒక్కటే. తవక్కుల్ అంటే కారణాలను వదిలేయడం కాదు, నిజమే. అలాగని ఎవడు ఏది అమ్మినా అది కారణం అయిపోదు.

రాయలసీమ నుంచి వైద్యానికి వేలూరు వెళ్ళేవారు ఎందరో. అక్కడ 1966లో ప్రారంభమైన పునరావాస కేంద్రం వెనక ఉన్న డాక్టర్ మేరీ వర్గీస్ స్వయంగా 1954లో వాహన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్న మహిళ. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఇలాంటి కేంద్రంలో కొన్ని వారాలు ఉండి వస్తే కుర్చీలోకి మారడం, మూత్రం సంగతి చూసుకోవడం నేర్చుకోవచ్చు. అతణ్ణి అక్కడికి పంపడానికి జకాత్ సొమ్ము కొంత కుదిరింది.

పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. అతను నడవలేదు. "నేను లేవకపోతే నా దుఆ కబూల్ కానట్టేనా హజ్రత్?" అని ఒకసారి అడిగాడు. దుఆ ఫలితం ఇక్కడే దొరకొచ్చు, పరలోకానికి దాచబడొచ్చు, లేదా దాని బదులు మరో కీడు తొలగించబడొచ్చు అన్న హదీసు చెప్పాను. కాసేపు ఆలోచించి, "రాత్రి మూడింటికి నన్ను తిప్పడానికి వచ్చేవాళ్ళు దాంట్లో వస్తారా?" అన్నాడు. ఆ లెక్క నాకు తెలియదన్నాను.

ఇప్పుడు ఇంటి ముందు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. పావుగంటకోసారి రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి శరీరాన్ని పైకెత్తి దించుకుంటాడు, మళ్ళీ పుండు పడకుండా. జుమాకు రావాలని అతని కోరిక. మా మస్జిద్ గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. ర్యాంపు కట్టించమని కమిటీకి రెండుసార్లు చెప్పాను. ఈ ఏడాది డబ్బు లోపలి మార్బుల్‌కు అయిపోయిందన్నారు. అందాకా ప్రతి శుక్రవారం నలుగురు కుర్రాళ్ళు అతణ్ణి కుర్చీతో సహా ఎత్తి లోపలికి తెస్తున్నారు.