జ్ఞానం ఎవరి సొత్తు?

జ్ఞానాన్ని అమ్మవచ్చా, దానమే చేయాలా అన్నది మన దేశంలో పాత చర్చ. విద్యాదానాన్ని పొగిడిన ధర్మశాస్త్రాలే స్త్రీలకూ శూద్రులకూ వేదాన్ని నిషేధించాయి. బృహదారణ్యకోపనిషత్తులో గార్గి ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే, ఇంకా అడిగితే తల తెగిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించాడు. దానాలన్నిటిలో ధర్మదానమే, అంటే ధర్మాన్ని బోధించడమే, మిన్న అని బౌద్ధం చెప్పింది, భిక్షుణుల పలుకులను థేరీగాథలుగా దాచింది. కానీ పుచ్చుకునేవాళ్లు వినడానికే పరిమితమైతే దానం కూడా పెత్తనమే.

అలాంటి పెత్తనాన్నే ధిక్కరిస్తూ 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టికీ దొరల ఆధిపత్యానికీ రైతుకూలీలు ఎదురు తిరిగారు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ వేడి చల్లారకముందే, 1980లో, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మొదలైంది. సి.కె. నారాయణరెడ్డితో కలిసి దానికి పునాది వేసి, దశాబ్దాల పాటు నడిపించింది గీతా రామస్వామి. అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన అనువాదం 'ఏడుతరాలు' వంటి పుస్తకాలను ఈ సంస్థ తక్కువ వెలకు పాఠకుల చేతికి అందించింది. వెల తగ్గించడం ఇక్కడ వ్యాపార లెక్క కాదు, నైతిక నిర్ణయం. కూలి డబ్బుకు అందని పుస్తకం కూలివాళ్లకు నిషేధించిన పుస్తకంతో సమానమే.

అయితే వెల ఒక్కటే సరిపోదు. కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కడతారు. వెయ్యి బీడీల లెక్కకే కూలి గనుక చేతులు ఆగవు, పేజీ తిప్పే తీరిక దొరకదు. కేరళలోని కన్నూరు బీడీ కార్ఖానాల్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చుట్టేవారు, చదివేవాళ్ల వంతు బీడీలను తామే పంచుకుని చుట్టేవారు. ఇంటి అరుగు మీద పని చేసే స్త్రీకి ఆ సదుపాయం లేదు.

స్త్రీవాద బృందం స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇంకో అడుగు ముందుకు వేసింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి తెలంగాణ సాయుధ పోరాట స్త్రీలు తమ కథ తామే చెప్పగా రికార్డు చేసి అచ్చువేశారు. అక్షరం రాని మనిషి మాట కూడా గ్రంథమేనని ఆ పుస్తకం రుజువు చేసింది. గార్గికి అడ్డుపడిన హద్దును దాటింది ఈ పనే.

అందుకే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో స్త్రీలు నడిపే పుస్తకాల దుకాణం పెడితే, అక్కడ అమ్మే పుస్తకాలతో పాటు బీడీ చుట్టే స్త్రీలు చెప్పే కథలూ అచ్చు కావాలి.