చిలుము వదిలించిన కూలి

చిలుమంటే ఏమిటో మనలాంటి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇత్తడి బిందెని కొన్నాళ్ళు తడితో వదిలేస్తే అంచుల్లో పచ్చగా లేస్తుంది. చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది. కానీ ఎంతసేపు తోమినా చూపించుకోవడానికి కొత్త వస్తువేమీ మిగలదు. నిన్నటి బిందే ఇవాళా ఉంటుంది. అంతే!

ఈ చిలుము పాత కార్లకీ పడుతుందని నాకు పటాన్‌చెరులో తెలిసింది. ప్రీమియర్ పద్మిని తయారీ ఆగిపోయి ఇరవయ్యేళ్ళు దాటినా మా వారికి దానిమీద మమకారం పోలేదు. సంగారెడ్డి వెళుతూంటే అది కాస్తా మొరాయించింది. తాళం తిప్పితే 'టక్' మంటుంది, ఇంజను తిరగదు. మొదటి షాపతను చూడకుండానే బ్యాటరీ మార్చాలన్నాడు. లారీ షెడ్ల మధ్య ఉన్న రెండో మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, "బ్యాటరీ మంచిగనే ఉందమ్మా. చిలుము పట్టింది, గంతే" అన్నాడు.

ముందు నెగటివ్ తీగ, తరవాత పాజిటివ్ తీగ విప్పాడు. వంటసోడా కలిపిన నీళ్ళు పోస్తే తెల్లటి పొడి బుసబుసా పొంగి కరిగిపోయింది. సోడా యాసిడ్‌ని విరిచేస్తుందట. ఆ నీళ్ళు లోపలికి పోకుండా బిరడాలు బిగించే ఉంచాడు. ఎర్తు తీగ చివర పచ్చగా పేరుకున్నదాన్ని ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాడు. అన్నీ తుడిచి, నెగటివ్ తీగ ఆఖర్న బిగించి, తడి తగలకుండా వాజలిన్ రాశాడు. తాళం తిప్పగానే బండి కదిలింది!

ఇంత చిన్న పొరకి అంత అడ్డా అనకండి. ఇంజనుని తిప్పే మోటారు సుమారు 100 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దారిలో ఒక ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డు పడినా, ఉన్న 12 వోల్టుల్లో 2 వోల్టులు అక్కడే ఆవిరి. తీగ తగులుకునే ఉంటుంది, కరెంటు మాత్రం సరిగ్గా పారదు.

"ఎంతయిందయ్యా?" అంటే అతను నసిగాడు. "కొత్త సామానేం ఎయ్యలేదు కదమ్మా, మీకు తోచింది ఇయ్యండి."

మా వారు వంద తీశారు. "కొత్త బ్యాటరీ అయితే ఎంతయ్యేది?" అన్నాను. మాట్లాడకుండా ఇంకో నాలుగు నోట్లు చేర్చారు.

బ్యాటరీ అమ్మేవాడు ఇలా నసగడు. బిల్లు రాస్తాడు, మనం కిమ్మనకుండా ఇస్తాం. వస్తువుకి ధర ఉంది గానీ, 'ఆ వస్తువు మీకు అక్కర్లేదు' అన్న నిజానికి ధర లేదు. నిజం చెప్పినవాడికి తక్కువా, అక్కర్లేనిది అంటగట్టినవాడికి ఎక్కువా ఇస్తూ, లోకంలో నిజాయితీ లేదని వాపోవడం ఏం న్యాయం? చచ్చిన బ్యాటరీని ఎంత తోమినా బతకదు, నిజమే. మార్చాల్సినవి మార్చాల్సిందే. అయితే ఏది మార్చాలో, ఏది తోమితే చాలో తేల్చడమే అసలు విద్య. కూలి ఇవ్వాల్సింది దానికి.

ఈ లెక్క తప్పితే ఎంతదాకా పోతుందో ఆ పటాన్‌చెరులోనే కనిపిస్తుంది. 1970ల నుంచి అక్కడ ఫ్యాక్టరీలు లేచాయి. మందులకీ రసాయనాలకీ ధర ఉంది. వాడి వదిలిన నీళ్ళని శుభ్రం చేస్తే మాత్రం అమ్ముకోవడానికి సరుకేమీ రాదు. నక్కవాగు పాడైంది, దాని పక్క పల్లెల పొలాలూ బావులూ పాడయ్యాయి. 1990లో గోడు సుప్రీంకోర్టుకి ఎక్కింది. శుద్ధి చేశామని వదిలిన నీళ్ళలో కూడా లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అప్పుడు మిగుల్చుకున్న కూలికి ఇప్పుడు చెల్లిస్తున్నదెవరు? ఆ మందులు అమ్ముకున్నవాళ్ళు కాదు, ఆ బావుల మీద బతికిన వాళ్ళు.

ఇక మన ఇళ్ళ సంగతి. 2019లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలూ, మగవాళ్ళు 97 నిమిషాలూ జీతం లేకుండా దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 299 నిమిషాల్లో తోమడం, ఉతకడం, తుడవడం కూడా ఉన్నాయి కదా! అన్నీ నిన్నటిలా నిలబెట్టే పనులే. చేసినన్నాళ్ళూ ఎవరికీ కనిపించవు. మానేస్తే మూడో రోజుకి ఇల్లు ఇల్లులా ఉండదు.

"రోజంతా ఇంట్లో ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే చిన్నబుచ్చుకోకండి. "ఏదీ పాడవకుండా చూశాను" అని చెప్పండి. రేపు మీ మిక్సీ బాగుచేసినవాడు "కొత్తదేం వెయ్యలేదండీ, శుభ్రం చేశానంతే" అంటే, బేరం మాత్రం ఆడకండి.