మౌనానికి అన్నం పెట్టేదెవరు?

పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు నేనొక్క కథ కూడా రాయలేదు. దాన్ని ఎవరూ నిరసన అనుకోలేదు. 'సంసారంలో పడిపోయింది పాపం' అనుకున్నారంతే. అందుకేనేమో, జర్మన్ స్వరకర్త కార్ల్ అమడేయుస్ హార్ట్‌మన్ (1905-1963) మౌనం గురించి మొదటిసారి చదివినప్పుడు గౌరవంతో పాటు కాస్త అసూయ కూడా కలిగింది.

1920ల చివర్లో మ్యూనిక్‌లో హార్ట్‌మన్ సంగీతం అల్లరిది. అందులో జాజ్ ఉంది, వెక్కిరింత ఉంది. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఆయన తన దేశపు వేదికల నుంచి తప్పుకున్నాడు. రాయడం మాత్రం మానలేదు. డాఖావ్ నిర్బంధ శిబిరంలో చనిపోయిన మిత్రులకు అంకితమిచ్చిన 'మిసెరే' 1935లో ప్రాగ్‌లో వినిపించింది. చెకొస్లొవేకియాను నాజీలు మింగేసిన 1939లో వయొలిన్‌కి రాసిన శోకగీతం 'కొన్సెర్టో ఫునెబ్రె' మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో వినిపించింది. అల్లరి పోయింది. నెమ్మదిగా సాగే దీర్ఘమైన దుఃఖం ఆయన శైలి అయింది.

ఇది గొప్ప నైతిక ధైర్యమే, సందేహం లేదు. తోటి స్వరకర్తలు చాలామంది కొత్త ప్రభువుల పండుగలకి పాటలు కట్టిన కాలమది. కానీ కచేరీలు లేని మనిషికి ఇల్లు గడిచిందెలా? భార్య ఎలిజబెత్ తల్లిదండ్రులు ఆదుకున్నారు. జీవిత చరిత్రల్లో ఇది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నాకు మాత్రం ఆ వాక్యం దగ్గరే చూపు ఆగిపోతుంది. 1935లో పుట్టిన పసివాణ్ణి పెట్టుకుని ఆ ఇంట్లో రోజులు ఎలా గడిచాయో ఆ వాక్యం చెప్పదు.

ఈ మాటతో హార్ట్‌మన్‌ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. మౌనం వ్యక్తిత్వమే కాదు, వనరు కూడా అంటున్నాను. 'నేను పాడను' అనడానికి ముందు పాడగలిగే చోటుండాలి, పాడకపోయినా ఆకలి తీర్చే చేయి ఉండాలి. ఈ రెండూ లేనివాళ్ల మౌనాన్ని చరిత్ర మౌనంగా కూడా లెక్కపెట్టదు. పైగా అది చేతకానితనమని రాసుకుంటుంది.

ఇంకో సంగతి. ఆ చీకటి ఏళ్లలో తన బాధ చెప్పుకోడానికి ఆయన స్త్రీల గొంతుల్ని ఎంచుకున్నాడు. 'సింప్లిసియుస్' ఒపేరాలో యుద్ధాన్ని చూసే అమాయకపు కుర్రవాడి పాత్రని సొప్రానో పాడుతుంది. వాల్ట్ విట్మన్ కవితలతో 1936లో మొదలై, ఎన్నో మార్పుల తర్వాత మొదటి సింఫనీగా నిలిచిన రచన ఆల్టో గొంతు కోసం. ఏడ్చే పని మళ్లీ మనకే వచ్చిందని నవ్వుకున్నాను గానీ, వింటే నవ్వు రాదు. ఆ గొంతు అక్కడ ఓదార్చదు, సాక్ష్యం చెబుతుంది.

1945 ఏప్రిల్‌లో డాఖావ్ ఖైదీలను రోడ్డు వెంట నడిపించుకుపోవడం హార్ట్‌మన్ కళ్లారా చూశాడు. ఆ తేదీనే పేరుగా పెట్టి పియానో సొనాటా రాశాడు. అదే ఏడాది మ్యూనిక్‌లో 'ముజికా వివా' కచేరీలు మొదలుపెట్టి, నాజీలు నిషేధించిన సంగీతాన్ని మళ్లీ జనానికి వినిపించాడు. తన పాత రాతప్రతుల్ని విప్పి తిరగరాశాడు. చివరి సింఫనీలలో మాటలుండవు. స్వరాలు ఒకదాన్నొకటి తరుముతూ దట్టంగా అల్లుకుంటాయి. 1963లో చనిపోయేనాటికి ఆయన మళ్లీ మనిషి గొంతుకే రాస్తున్నాడు. ఆ రచన పూర్తికాలేదు. స్వరం కట్టని చివరి మాటల్ని గాయకుడు పాడడు, ఊరికే పలుకుతాడు.

నా తొమ్మిదేళ్ల సొరుగులో రాతప్రతులేమీ లేవు. పాల లెక్కల పుస్తకాలున్నాయి. వాటి అంచుల్లో అక్కడక్కడా ఒకటి రెండు వాక్యాలు కనిపిస్తాయి. అవి మౌనమో, ఓటమో తేల్చడానికి వాటినే ముందుపెట్టుకుని ఈ మధ్య మళ్లీ రాయడం మొదలుపెట్టాను.